ఆటల పంతులు కొలువు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ కరొలైనా యను రాష్ట్రము కలదు. అందు చార్లెస్టన్ రేవుపట్టణమునకు ఇంచుమించు ఇరువదియైదు మైళ్ల దూరమున సమ్మర్విల్ అను ఊరున్నది. 1950 నాటి జనాభా లెక్కలలో ఆ యూరి జనసంఖ్య నాలుగువేలకు మించలేదు. ఆ యూరి ఉన్నతపాఠశాలలో 1952లో జాన్ మెకిసిక్ అను యువకుడు బంతియాట నేర్పు పంతులుగ కొలువునకు కుదిరెను. 2014వ సంవత్సరపు ఆటలు ముగియువరకు ఆయన ఆ కొలువును విడువలేదు. 63 ఏండ్లు ఒకే బడి, ఒకే ఊరు. ఆ కాలమున ఆయన జట్లు 621 ఆటలు గెలిచినవి; 155 ఓడినవి; 13 సమముగ ముగిసినవి. పదిమార్లు రాష్ట్రవిజేతలుగ నిలిచినవి. 2012లో ఆరునూరవ గెలుపు వచ్చునాటికి, పాఠశాలలలోగాని, కళాశాలలలోగాని, వేతనజట్లలోగాని ఆ యాటను నేర్పినవారిలో ఎవ్వరును ఆ సంఖ్యను చేరియుండలేదు. 2019 నవంబరులో, తొంబదిమూడేండ్ల వయస్సున, ఆయన కాలధర్మము నొందెను.

ఈ యంకెలు విని ముక్కుపై వ్రేలు వేసికొననివారు అరుదు. అయినను ఆ జీవితమున మిక్కిలి మెచ్చదగినది ఈ లెక్కలలో లేదని మా యభిప్రాయము. అంతియ కాదు, బడిపంతులును గెలుపోటములతో తూచు ఊరు, తనకు తెలియకయే తన బిడ్డలకు కీడు తలపెట్టుచున్నదని కూడ చెప్పదలచితిమి.

ముందుగ ఆట సంగతి. అమెరికనులు ఫుట్‌బాలని పిలుచునది మన బాలురు కాలితో తన్ను బంతియాట కాదు. ఆ బంతి కోడిగ్రుడ్డు వాటముగ నుండును. ప్రక్కకు పదునొకండుగురు. నూరు గజముల మైదానములో బంతిని చంకనిడుకొని పరుగిడుటయో, చేతితో విసరి తనవాని కందించుటయో పని. నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగనిచో బంతి ఎదిరిపక్షము వశమగును. ఎదిరిపక్షమువారు బంతి గొన్నవానిని పట్టి నేలపై పడవైతురు. కాలికి పని కొలదియే. ఈ పేరెట్లు వచ్చెనో యని మనము నవ్వుకొనవచ్చును. చెడుగుడు ఆడిన మనవారికి దీని మర్మము సులభముగనే బోధపడును. మనిషిని పట్టి నిలుపుటయే రెంటను ప్రధానము. కాని తలకు శిరస్త్రాణము, భుజములకు దిండ్లు ధరించి, ఎదురెదురుగ పరుగెత్తివచ్చి ఢీకొనుట చెడుగుడులో లేదు.

అచటి చిన్నయూళ్లలో ఈ యాటకున్న స్థానము మన తిరునాళ్లకున్న దానివంటిది. ఆకురాలు కాలమున శుక్రవారము రాత్రి దీపముల వెలుగున ఊరెల్ల మైదానమునకు తరలును. బడి బ్యాండుమేళము మ్రోగును. అంగడివాడును, బ్యాంకి గుమాస్తాయు, చర్చి బోధకుడును, ఇరువదేండ్ల క్రిందట అదే బడిలో చదివినవాడును ప్రక్కప్రక్కనే కూర్చుందురు. పదునారు, పదునేడేండ్ల బాలుర భుజములపై ఊరి పరువు వ్రేలాడుచుండును. వారి గురువు పేరునకు పాఠశాలల బోర్డు జీతగాడు. అయినను హెడ్మాస్టరు పేరెరుగనివారును వాని పేరెరుగుదురు. గెలిచినన్నాళ్లు దండలు, దండములు. ఓడినప్పుడో?

టెక్సాసు రాష్ట్రమున ఒడెస్సా యను చమురుబావుల పట్టణము కలదు. అచటి పెర్మియన్ ఉన్నతపాఠశాల జట్టు వెంట 1988లో ఒక ఆటలకాలమెల్ల గడిపి, బిస్సింజరను పాత్రికేయుడు 1990లో ఒక పుస్తకము వెలువరించెను. ప్రత్యర్థియైన పొరుగూరి బడి చేతిలో ఒక్క పాయింటు తేడాతో జట్టు ఓడినంతనే, శిక్షకుడు గ్యారీ గెయిన్సు ఇంటి ముంగిట 'ఇల్లు అమ్మబడును' అను పలకలు వెలసినవట. ఇల్లమ్మదలచి ఆయన పాతించినవి కావవి. ఊరు విడిచి పొమ్మని జనులు పాతినవి. మరుసటి యేడే, 1989లో, అదే శిక్షకుని జట్టు రాష్ట్రవిజేత యయ్యెను. పలకలు పాతినవారు ఆనాడు ఏ మొగము పెట్టుకొని చప్పట్లు కొట్టిరో!

సమ్మర్విల్‌లో అట్లు జరిగియున్నచో మెకిసిక్ కథయే లేదు. లెక్కించి చూడుడు. 63 ఏండ్లలో రాష్ట్రవిజయము పదిమార్లు. అనగా 53 ఏండ్లు ఆయన వట్టిచేతులతో ఇల్లు చేరెను. 155 ఓటము లనగా సగటున ఏటికి రెండు మూడు శుక్రవారములు ఊరు చిన్నబోయి ఇంటికి మరలెను. అయినను ఆ యూరు ఆయనను నిలుపుకొనెను. గెలుపుల రాశిని పంతులు గొప్పతనమునకు గుర్తుగ చూపుచున్నారు. ఊరి ఓర్పునకు గుర్తుగ ఓటములను చూపువారు కానరారు.

ఇక ఆయన పాటించిన నియమమొకటి కలదు. ఆడుదునని వచ్చిన విద్యార్థి నెవ్వనిని ఆయన జట్టునుండి తొలగింపలేదు. ఇది చిన్నమాట కాదు. బడి ఆటలలో ముందుగ పరీక్షించి, వడిగలవానిని, బలిష్ఠుని ఉంచుకొని, తక్కినవారిని ఇంటికి పంపుట వాడుక. సన్ననివాడు, బిడియస్థుడు ఆనాటితో మైదానమునకు దూరమగును. సమ్మర్విల్‌లో అట్టివానికిని వరుసలో చోటు దొరకెను. వానికి శుక్రవారపు రాత్రి ఆడు నదృష్టము పట్టకపోవచ్చును. తక్కిన దినములలో సాధనచేయువారిలో వాడును ఒకడే. ఇందు లౌక్యమును లేకపోలేదు. పదునాలుగేండ్లకు పీలగ నున్నవాడు పదునేడేండ్లకు ఏనుగువలె ఎదుగవచ్చును. ఆ బడినుండి స్టాన్‌ఫర్డ్ జెన్నింగ్సు, ఏ.జె. గ్రీను వంటివారు వెడలి వేతనజట్లలో పేరుగాంచిరి. అట్టివారిని ఎవరైనను ఏరుకొందురు. సంతలో మంచి కోడెను గుర్తించుటకు గొప్ప పారఖీ యక్కరలేదు. ఎవరికిని అక్కరలేనివానిని నిలుపుకొనుటలోనే పంతులు తెలియును.

ఈ నియమము విలువ మరియొక సందర్భమున బాగుగ తెలియును. దక్షిణరాష్ట్రములలో తెల్లవారి బిడ్డలకును నల్లవారి బిడ్డలకును వేర్వేరు బడులుండెడివి. 1954లో సర్వోన్నత న్యాయస్థానము ఆ యాచారము చెల్లదని తీర్పుచెప్పినను, దక్షిణ కరొలైనా దానిని సాగదీసి 1970 ప్రాంతమునగాని బడులను సమగ్రముగ కలుపలేదు. కలిపినప్పుడు పెక్కుచోట్ల మూతపడినది నల్లవారి బడియే. ఆ బడులలో ఏండ్లతరబడి జట్లను తీర్చిదిద్దిన నల్లజాతి శిక్షకులు అనేకులు ప్రధానపదవులు కోల్పోయి తెల్లవారి క్రింద సహాయకులైరి. కొందరికి అదియును దక్కలేదు. 63 ఏండ్ల అవిచ్ఛిన్నమైన కొలువును పొగడునప్పుడు, తమ కొలువులు నడుమనే తెగిపోయిన వారిని స్మరింపకుండుట న్యాయము కాదు. ఆ దోషము మెకిసిక్‌ది కాదు, ఆ సమాజముది. కలిసిన బడిలో ఇరుజాతుల బాలురును వచ్చి నిలిచిన దినములలో, ఎవ్వనిని పొమ్మనని పంతులుండుట ఆ యూరికి మేలే.

ఆ నియమమునకు రెండవ ముఖమును కలదు. అందరిని రమ్మన్న మైదానమున అందరి తలలును దెబ్బలకు లోనగును. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మరణానంతరము దానము చేయబడిన 202 మంది ఈ క్రీడాకారుల మెదళ్లను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. మాటిమాటికి తలకు దెబ్బలు తగులుటచే మెదడు క్రమముగ క్షీణించు వ్యాధి 177 మందిలో కనబడెను. ఉన్నతపాఠశాలతోనే ఆట మానినవారు వారిలో 14 మంది. ఆ పదునలుగురిలో ముగ్గురికి ఆ చిహ్నములుండెను. అనుమానము గలిగిన కుటుంబములే ఎక్కువగ దానము చేయుటచే, ఈ పాళ్లను ఆడినవారి కెల్ల అన్వయింపరాదని పరిశోధకులే హెచ్చరించిరి. అంతమాత్రమున తల్లిదండ్రుల దిగులు తీరదు.

వాషింగ్టన్ రాష్ట్రమున పదుమూడేండ్ల బాలుడొకడు 2006లో తలకు దెబ్బతగిలిన పిమ్మట మరల ఆటలోనికి దిగి, ప్రాణాపాయము పొంది, వికలాంగుడయ్యెను. ఆ దుఃఖమునుండి 2009లో అచట ఒక చట్టము పుట్టినది. తల అదరినట్లు అనుమానము కలిగిన బాలుని వెంటనే ఆటనుండి తప్పింపవలెను. వైద్యుని యనుమతి లేనిదే మరల దింపరాదు. 2014 నాటికి అన్ని రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసికొన్నవి. మంచిదే. కాని చట్టము కాగితముపై నుండును. మైదానపుటంచున నిలిచి, లేచుటకు తడబడుచున్న బాలుని మొదట చూచునది పంతులు కన్ను. ఆ బాలుడు 'నాకేమియు లేదు, ఆడుదు' ననియే చెప్పును; ఆ వయస్సు అట్టిది. అప్పుడు వానిని కూర్చుండబెట్టుటకు ధైర్యము కావలెను. తన యింటి ముంగిట పలకలు వెలయునేమో యని వణకుచున్న పంతులుకు ఆ ధైర్యమెట్లు కలుగును? ఒక్క శుక్రవారపు ఓటమితో కొలువు ఊడదన్న నమ్మకము గలవాడే బాలుని పక్షమున తీర్పుచెప్పగలడు. పంతులు కొలువు భద్రత ఆయన స్వంతలాభము మాత్రమే కాదనుటకు ఇదియే కారణము.

మన దేశమున ఈ చిక్కు లేదు. మన ఉన్నతపాఠశాలల డ్రిల్లు మాస్టరు గెలిచినను ఓడినను అడుగువాడు లేడు. పదవతరగతి పరీక్షలు దాపురింపగనే ఆయన గంట లెక్కల పంతులు పాలగును. అది వేరొక వ్యాధి. దానికి వేరొకనాడు మందు వెదకవలెను.

అయినను ఈ సంగతి మనకు పరాయిది కాదు. నేడు టెక్సాసు మొదలగు రాష్ట్రములలో తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. వారి బిడ్డలు ఇట్టి బడులలోనే చదువుచున్నారు. ఆటకు దిగనివారును బ్యాండుమేళములో బాకా ఊదుచు ఆ శుక్రవారపు రాత్రులలో పాలుపంచుకొనుచున్నారు. పాఠశాలల బోర్డు సమావేశములు అచట బహిరంగములు. తల్లిదండ్రులు లేచి మాటాడవచ్చును. మార్కులను గూర్చి అడుగుటలో మనవారు ఎవ్వరికిని తీసిపోరు. ఇకమీదట రెండు మూడు ప్రశ్నలు అదనముగ అడుగుదురు గాక. శిక్షకుని ఒడంబడిక ఏటికొక్కసారి తెగునదా, కొన్నేండ్లు నిలుచునదా? ప్రతి యాటకును, ప్రతి సాధనకును మైదానమున వైద్యము తెలిసినవాడు ఉండునా? బాలుని కూర్చుండబెట్టి ఆట ఓడిన పంతులును మరునాడు బోర్డువారు పిలిచి ఏమందురు?