తాబేలుకు పెరటి ఇల్లు

పిల్లలూ, ఇంగ్లండులో వుంటున్న మన చెల్లాయి ఒకతె ఉత్తరం వ్రాసింది. ఆమె పుట్టినరోజుకు వాళ్ళ నాన్నగారు హెర్మన్ తాబేలు అనే నేల తాబేలును కొని ఇచ్చారట. పెరట్లో ఇనపతీగల వలతో దడి కట్టి, అందులో వదిలారట. "అన్నయ్యా, అది ఆకు ముట్టదు, ఒకచోట కుదురుగా వుండదు. పొద్దస్తమానం వల వెంబడే తిరుగుతుంది. ముక్కు గీసుకుని నెత్తురు కూడా వచ్చింది. దానికి మా ఇల్లు నచ్చలేదా?" అని అడిగింది.

నచ్చకపోవటం కాదమ్మా, దానికసలు గోడ కనిపించటం లేదు! వలలోనుంచి అవతలి గడ్డి కనిపిస్తున్నది గదా. కనిపించేచోటికి పోవచ్చుననే దాని నమ్మకం. అందుచేత ముక్కుతో తోస్తుంది, వీలుకాకపోతే ఇంకో అడుగు అవతల తోస్తుంది. అద్దం పెట్టినా ఇదే తంటా. అవతలిది కనపడకుండా చెక్కలో, ఇటుకలో అడ్డం పెట్టారంటే ఆ వెతుకులాట చాలావరకు తగ్గిపోతుంది. ముందు ఆ ముక్కును పశువుల డాక్టరుకు చూపించు.

ఇది చదివి మన అనంతపురం, చిత్తూరు వైపు పిల్లలు పొదల్లోని నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చేరు సుమా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టటమూ, పెంచటమూ నేరం. ఎవరింట్లోనైనా వుంటే అటవీశాఖ వారికి అప్పగించాలి. బ్రిటనులో హెర్మన్ తాబేలును అమ్మటానికి కూడా ప్రభుత్వపు ధ్రువపత్రం వుండాలి. నాన్నగారు ఆ కాగితం భద్రంగా దాచారేమో అడుగు.

ఇక చోటు. ఒక్క తాబేలుకు 8 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు అయినా వుండాలి. అంతకన్న ఎంత ఎక్కువైతే అంత మేలు. పొద్దుటి ఎండ తప్పకుండా పడాలి, ఎందుకంటే తాబేటికి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు. ఎండలో కూచుని ఒళ్ళు వెచ్చబడితే తప్ప దానికి ఆకలి కూడా వెయ్యదు. సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశోధకుడు తిమోతి అనే తాబేలును పెంచాడు. చలికాలం దగ్గర పడి ఎండ తగ్గినప్పుడు అది తోటగోడ పక్కకు చేరి, డిప్పను గోడకు ఏటవాలుగా ఆనించి, దొరికిన కాస్త ఎండనూ పట్టుకునేదట!

తిమోతి గొప్ప దొంగ కూడాను. ఎండాకాలం మొదట్లో తెల్లవారు జామునే లేచి, దడిలో ఎక్కడ సందున్నదా అని తోటంతా చూసుకుంటూ పోయేది. తోటమాలి కన్నుగప్పి దూరపు పొలాల్లోకి వెళ్ళిపోయిన రోజులు కూడా వున్నవి. అందుచేత గోడ నేలకు పైన 15 అంగుళాలు వుంటే, నేల లోపల 6 అంగుళాలయినా దిగాలి. లేకపోతే కింద తవ్వుకుని పోతుంది. అన్నిటికన్న మోసం మూలల్లో వున్నది. రెండు గోడలకూ చెరొక కాలూ తన్నిపెట్టి మూలన పైకి ఎక్కుతుంది. గోడలపైన లోపలి వైపుకు నాలుగంగుళాల పలక చూరులాగా బిగిస్తే ఆ ఆటలు సాగవు. రంపపు పని నాన్నగారిది, మేకులు అందించటం నీది! రైలు పట్టాల కింద వేసే పాత దిమ్మెలు చవకగా దొరుకుతవి గాని వద్దు. వాటికి పట్టించిన తారునూనె విషం.

ఎక్కి పడితే ఏమవుతుందని అడుగుతావేమో. తాబేటి ఊపిరితిత్తులు వీపు డిప్ప కిందనే వుంటవి. వెల్లకిలా పడితే లోపలి అవయవాల బరువంతా వాటిమీద పడుతుంది. పైన ఎండ కూడా తోడయితే ప్రాణానికే ముప్పు. అందుకని లోపల నిట్టనిలువు రాళ్ళూ, మెట్లూ పెట్టకు. ఇసక కలిపిన మట్టితో వాలుగా ఒక చిన్న దిబ్బ పొయ్యి. ఒక పక్క గుబురు మొక్క నీడకు, ఇంకొక పక్క వాన పడితే దూరటానికి చెక్కగూడు. నీళ్ళ పళ్ళెం నేలలోకి దించి, దాని గడ్డం దాటని లోతున నీళ్ళు పొయ్యి. డాండెలియన్ అనే పచ్చపూల కలుపుమొక్కను అక్కడి తోటమాలులు పీకి పారేస్తారు. నీ తాబేటికి అదే విందుభోజనం! ఫాక్స్‌గ్లవ్ మాత్రం వుండగూడదు. అదీ మన గన్నేరులాగే గుండెను పాడుచేసే విషం.

చలికి అక్కడివాళ్ళు అద్దాల మూత పెట్టె కూడా పెడతారు. మంచిదే. కాని డిప్ప గట్టిపడాలంటే సున్నపు పదార్థంతో పాటు డి విటమిన్ కావాలి. అది ఒంట్లో తయారు కావటానికి పనికివచ్చే అతినీల కిరణాలను మామూలు అద్దం ఆపేస్తుంది. కనక ఎండ వచ్చినప్పుడు అది బయటికి రావటానికి దారి వుంచు. రాత్రి మాత్రం నక్కా, ఎలుకా అందుకోకుండా గట్టి మూత వుండాలి.

ఈ ఒక్క మాటా అమ్మానాన్నలకు. ఈ తాబేలు యాభై ఏళ్ళు దాటి బతకగలదు. తిమోతి ముందు వైట్ మేనత్తగారిది. 1780లో ఆమె పోతే వైట్ పెట్టెలో పెట్టి, గుర్రపుబండిలో 80 మైళ్ళు తెచ్చుకున్నాడు. 1793లో వైట్ పోయినాక కూడా అది బతికే వున్నది. అమ్మాయి పై చదువులకు వెళితే దీన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.

చెల్లాయి పేరు కూడా సూచించమన్నది. తొందరపడకు. తిమోతి మగదని అందరూ అనుకున్నారు. చచ్చిపోయిన తరవాత డిప్ప పరీక్షిస్తే ఆడదని తేలింది! మగదానికి తోక పొడుగ్గా వుంటుంది, కడుపు వైపు డిప్ప కాస్త గుంట పడివుంటుంది. కాని అది ఎదిగితే గాని తెలియదు.