బొమ్మల దండును బంధువుల రాకయు



సంక్రాంతి సమీపించిన కొలది మన కృష్ణాతీరపు గృహములలో రెండు లెక్కలు ప్రారంభమగును. అరిసెలకు బియ్యమెంత, బెల్లమెంత యనునది మొదటిది. ఎవరెవరు వచ్చెదరు, ఎవరికే గదిలో పడకలు వేయవలె ననునది రెండవది. ఈ రెండవ లెక్కలో చిక్కుపడిన సోదరి యొకరు చల్లపల్లి నుండి మాకు జాబు వ్రాసినారు. పేరు ప్రకటింపవలదని కోరినారు గనుక ప్రకటింపము.

ఆమె భర్త హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. బొటనవ్రేలి యెత్తైనను లేని సైనికుల బొమ్మలకు రంగులు వేసి, పూర్వకాలపు యుద్ధములను నియమానుసారముగ బల్లపై మరల నడిపించుట ఆయనకు ప్రీతి. చల్లపల్లి యింట ముందుగది నడుమ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల వేసి 1759 నాటి బందరు కోట ముట్టడిని దానిపై నిలిపినారు. గత సంక్రాంతికి ఆయన అక్కగారు పిల్లలతో పుట్టింటికి వచ్చిరి. భోగినాడు మేనల్లుడు ఒక సిపాయిని తుపాకి పట్టుకొని పైకెత్తెను, తుపాకి విరిగెను. మేనమామ నోట కఠినమైన మాట యొకటి వెడలెను. కనుమనాడు కాకియు కదలదని మనవారందురు. ఆ యక్కగారు కనుమ దాక నిలువక పండుగనాటి మధ్యాహ్నమే పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళిపోయిరి. నాటినుండి ఫోనులో మాటలు కూడ కరవైనవి. బొమ్మలు మానుమని భర్తతో చెప్పవలెనా, ఈ యేడు ఎవరిని పిలువక యూరకుండవలెనా యని ఆమె ప్రశ్న.

రెండును వలదు. ఆయన బొమ్మలను మానవలసిన పనియు లేదు, ఆడబిడ్డ పుట్టింటి గడప త్రొక్కకుండ నుండవలసిన పనియు లేదు. ఈ తగవు బొమ్మలకును బంధువులకును నడుమ పుట్టినది కాదని జాబును రెండుమారులు చదువగా మాకు తోచినది. ఎట్లో ముందు వ్రాసెదము.

పెద్దవానికి బొమ్మలాట యేమని నవ్వెడి అత్తగార్లు గలరు. ఆ యత్తగార్లే మధ్యాహ్నము చదరంగపు బల్ల ముందు కూర్చున్న మామగారిని చూచి నవ్వరు. చదరంగమనగా నేమి? ఏనుగు, గుర్రము, శకటము, బంటు అను చతురంగబలమును బొమ్మలుగ చేసి గళ్ళపై నడిపించుటయే గదా! భారతదేశమున పుట్టిన యా యాట పారసీకుల, అరబ్బుల చేతులమీదుగ ఐరోపా చేరెను. 1780లో హెల్విగ్ అను జర్మను పండితుడు గళ్ళను వేయికి మించి పెంచి, కొండలు, నదులు చేర్చి దానిని యుద్ధక్రీడగ మార్చెను. 1812లో ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను నాతడు అట్టి క్రీడకు తగిన బల్లనే తయారుచేసి రాజునకు సమర్పించెను. 1824లో ఆయన కుమారుడు నియమములను సవరించి ప్రకటింపగా, ఆ దేశపు సైనికాధికారులు దానిని పాఠమువలె అభ్యసించిరి. మామగారి చదరంగమునకు ఇంత వంశవృక్షము కలదు.

ఈ క్రీడను మరల ఇంటి నేలపైకి దింపినవాడు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. 1913లో ఆయన ప్రకటించిన ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకమున లోహపు సైనికులతోను, స్ప్రింగుతో కొయ్యగుండ్లు విసరెడి బుల్లి ఫిరంగులతోను ఆడు విధానమంతయు గలదు. మనకు పనికివచ్చు ముచ్చట కూడ నొకటి యందున్నది. మిత్రునితో గూడి మొట్టమొదట ఆ యాటకు పూనుకొన్న దినములలో స్త్రీలు కొందరు ఇంటికి వచ్చి, నేలమీది సరంజామాను చులకనగ చూచిరట. ఊహకు సంబంధించిన దేనియందైనను స్త్రీజాతి చూపు అట్టిదేయని ఆయన తేల్చివేసెను. వచ్చినవారు కూర్చుండుటకు చోటెక్కడనో తెలియక యట్లు చూచి యుందురేమో యన్న సందేహము ఆయనకు కలిగినట్లు లేదు. ముఖపత్రమున మాత్రము, మగపిల్లల యాటలను మెచ్చు తెలివిగల బాలికలకు గూడ ఈ పుస్తకము తగునని వ్రాసి కొంత దయ చూపెను.

ఆ దయ యవసరము లేనివారు ఆయన పుట్టుకకు ముందే యుండిరి. 1826లో యార్క్‌షైరు సీమలోని యొక క్రైస్తవ మతగురువు తన కుమారునికి కొయ్య సైనికుల పెట్టె తెచ్చియిచ్చెను. అక్కచెల్లెండ్రు మువ్వురును తలకొక సైనికుని ఎన్నుకొని పేర్లు పెట్టిరి. సోదరునితో గూడి ఆ బొమ్మలకు రాజ్యములు, యుద్ధములు, కుట్రలు కల్పించిరి. వానిని అరచేతిలో నిముడు చిన్న పుస్తకములలో ఏండ్ల తరబడి వ్రాసిరి. షార్లట్, ఎమిలీ, ఆన్ బ్రాంటీ లనువారు ఆ బాలికలే. ‘జేన్ ఐర్’ నవలను వ్రాసిన చేయి మొదట కుదురుకొన్నది ఈ బొమ్మల దండుతోనే.

ఇక మన యింటి సంగతి. బొమ్మలు పరచిన గది చుట్టములకు అడ్డమగుచున్నదని సోదరి వ్రాసినారు. మన నాయనమ్మలు ఈ మాట విన్నచో విస్తుపోవుదురు. వారు బొమ్మలు పరచినది చుట్టములు వచ్చుటకే గదా! సంక్రాంతికి మన ప్రాంతమున పెట్టు బొమ్మల కొలువునందు కొండపల్లి యంబారీ యేనుగు, దానిపై రాజు, దశావతారములు, తాడిచెట్టునెక్కెడి గీతకార్మికుడు, బండి, ఎద్దులు, అన్నియు నుండును. తెల్లపొణికి కర్రను చెక్కి, కాలుసేతులను వేరుగచేసి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు వేసిన ఆ బొమ్మల వెనుక ఎంత శ్రమ యున్నదో ఈ వెండివన్నె సిపాయిల వెనుకను అంత శ్రమయే యున్నది. భేద మెక్కడనన, కొలువునకు మన పెద్దలు ఏర్పరచిన పద్ధతిలో నున్నది. కొలువు గోడ చేరువ నుండును గాని గది నడుమ నుండదు. మెట్లమీద పైకి లేచునే కాని పడకల చోటాక్రమింపదు. సాయంకాలము పేరంటమునకు తెరువబడును. పసుపు కుంకుమలు, శనగలు పుచ్చుకొన్న ప్రతి ముత్తైదువయు, ఆమె చంకనున్న పిల్లయు దానిని చూచిపోవుదురు. పండుగ కాగానే పెట్టెలోనికి పోవును. చూడవచ్చినవారి వలననే దానికి శోభ.

పట్టణమునుండి వచ్చిన ఈ క్రొత్త వినోదము ఏకాంతమును కోరును. ఒక యుద్ధమునకు మూడు నాలుగు గంటలు పట్టును, నడుమ కదల్చరాదు, మాటలాడించినవారిపై విసుగు పుట్టును. ఇట్టి ఏకాంతము కావలసినవారికి పండుగ నాలుగు దినములును తప్ప ఏడాదిలో మిగిలిన దినములన్నియు గలవు.

ఇక మేము రెండవమారు చదివినప్పుడు కంటబడిన పంక్తి. తుపాకి విరిగిన సమయమున తాము వంటింట నుంటిమనియు, ఆడబిడ్డగారే బాణలి యొద్ద కూర్చుండి అరిసెలు తీయుచుండిరనియు సోదరి జాబు తుదిని వ్రాసినారు. ఏదో మాటవరుసకు వ్రాసినట్లే వ్రాసినారు. అసలు సంగతి యిదియే. ఏడాది పొడవున తన యింట వండి వార్చి, నాలుగు దినములు విశ్రాంతికి పుట్టింటికి వచ్చిన యాడపడుచు పొయ్యి సెగ ననుభవించుచుండగా, తమ్ముడు ఉదయమునుండి కోటను ముట్టడించుచుండెను. పలుకరించుటకు వచ్చినవాడు కాడు. మేనల్లుని కసరుటకు మాత్రము గొంతు లేచినది. ఆమె లేచిపోయినది తుపాకి కొరకని ఆయన యనుకొనుచుండవచ్చును. మేమట్లు అనుకొనుట లేదు.

ఒకరి తీరిక మరియొకరి పని వలననే లభించునని గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ సోదరికే వీణాభ్యాస ముండెనట. పెండ్లియైన పిదప వీణ అటక యెక్కినది. బల్లకు ముందుగది దొరకినది, వీణకు మూల యైనను దొరకలేదు. భర్త వినోదమును తప్పుపట్టక మేము కోరునదొక్కటే: పండుగనాడు ఆయన కావలసినన్ని గంటలు బల్లయొద్ద కూర్చుండవచ్చును గాని, అన్ని గంటలును ఆయన వంటింటి పనియో, పిల్లల స్నానపానములో, మామగారి మందులో చూడవలెను. లెక్క గంటకు గంట.

ఇంకొక మాట. సంక్రాంతికి మన డెల్టాలో మగవారు కోడిపందెముల బరులయొద్ద పోగొట్టుకొను ధనమును, అక్కడ చిందెడి రక్తమును తలంచిన, ఇంటనుండి బొమ్మల యుద్ధము చేయు భర్త యెంతో నయము. 1960 నాటి జంతుహింసా నివారణ శాసనము ఉండగనే ఆ బరులు వెలయుచున్నవి. ఈ సంగతిని అత్తగారితో చెప్పి చూడవచ్చును.

ఏర్పాట్ల విషయము. ఆరడుగుల బల్లను రెండడుగుల చదరపు పలకలుగ చేయించినచో విడదీసి మంచము క్రిందికి త్రోయవచ్చును. నిలిపిన సైన్యమును తీయుటకు మనసొప్పనిచో ఫోనుతో ఛాయాచిత్రములు తీసికొని, పండుగ గడచిన పిదప ఆ స్థానములలోనే మరల నిలుపవచ్చును. దండు నడుమ ఆగుట అవమానము కాదు. కళింగముపై దండెత్తిన కృష్ణదేవరాయలంతవాడు విజయవాడలో విడిది చేసి, మన చల్లపల్లికి చేరువనున్న శ్రీకాకుళమునకు వచ్చి, ఆంధ్రవిష్ణువు సన్నిధిని ఏకాదశి యుపవాస ముండెనని ‘ఆముక్తమాల్యద’ మొదట తానే చెప్పుకొనెను. పాతకాలపు లోహపు బొమ్మలలో సీసము కలియుట కలదు. నోటబెట్టుకొను పసిపిల్లలకు అవి అందకుండవలెను, ముట్టినవారు చేతులు కడుగుకొనవలెను. పిల్లలకు వేరుగ ఒక పెట్టెడు చవుక బొమ్మలో, కొండపల్లి బొమ్మలో ఇచ్చినచో ఖరీదైన సిపాయిలు బ్రతుకుదురు.

యుద్ధమును ఆటగ చేయవచ్చునా యని కొందరికి సంశయము. మాకును కొంత కలదు. 1757 జనవరిలో బొబ్బిలికోట పడిననాడు లోపలి స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కకుండ తమవారి చేతులలోనే ప్రాణములు విడిచిరి. బల్లపై నిలుపు ఏ కోటలోను స్త్రీల బొమ్మలుండవు. ఆ సంగతిని పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనదే. ఆట చూపి కథను దాచరాదు. పల్నాటి కథ చెప్పునప్పుడు నాగమ్మను కోడిపందెముతోనే ముగింపక, ఆమె రాజ్యము నడిపిన మంత్రిణి యనియు చెప్పవలెను.

ఆయన ఎన్నుకొన్న బందరు ముట్టడి మాత్రము చుట్టములతో గూడి యాడుటకే పుట్టినట్లున్నది. 1759 ఏప్రిల్‌లో కర్నలు ఫోర్డు ఆంగ్ల సైన్యముతో బందరు కోటను చుట్టి యుండెను. లోపల ఫ్రెంచివారు, వారి నాయకుడు కాన్‌ఫ్లాన్సు. కోటచుట్టును బురద, ఉప్పునీరు. బెజవాడ దిక్కునుండి సలాబత్ జంగు దండు సమీపించుచుండెను. ఫోర్డు యొద్ద మందుగుండు అడుగంటుచుండెను. అతడు నడిరేయి మూడుదిక్కుల దాడి సాగించెను. ఈశాన్యపు బురుజుపై జరిగినది నిజమైన దాడి. నైరృతి బురదలో నడచిన కెప్టెను నాక్సు దళమును, ప్రధానద్వారము నెదుట అలజడి చేసిన విజయనగరపు ఆనందరాజు మనుష్యులును శత్రువును మరపించుటకే. ఏ దిక్కునకు సాయము పంపవలెనో తోచక కాన్‌ఫ్లాన్సు తెల్లవారకమునుపే లొంగెను. పట్టుబడినవారు పట్టినవారికంటె ఎక్కువ మంది!

కావున ఈ యాటకు నలుగురు కావలెను. ఫోర్డు పక్షమున ముగ్గురు రహస్యముగ కూడి నిజమైన దాడి ఏ దిక్కుననో నిర్ణయించుకొందురు. లోపల నొక్కడు ఊహించుకొనవలెను. ఆ యొక్కడు ఇంటి యజమాని కావలెనని మా సలహా. బావగారు ఆనందరాజు, అక్కగారు ఫోర్డు. కనుమనాడు భోజనములైన పిదప రెండుగంటలు చాలును. ఆ పూట వంటయిల్లు మూతపడవలెను, సాయంత్రమునకు పులిహోర ముందే కలిపి యుంచవలెను. ఈ పిలుపు సోదరి చేయరాదు. తమ్ముడే భోగికి పదిదినములు ముందుగ అక్కగారికి ఫోను చేసి, మొదట మేనల్లుని పిలిచి, నాక్సు దళమునకు నాయకుడు కరవైనాడని చెప్పవలెను. విరిగిన తుపాకి సిపాయిని ఆ దళముననే నిలుపవచ్చును. చీకటిలో బురదకడ్డముగ నడచువాని చేత తుపాకి లేకున్నను ఎవరికిని కనబడదు.