మోషే మామ చెప్పిన మేనేజిమెంటు

మన పల్లెల నుండి యూనివర్సిటీకి వెళ్లి బి.బి.ఏ., ఎం.బి.ఏ. చదువుతున్న పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. "అందులో ఏమి నేర్పుతారురా?" అని తండ్రి అడిగితే ఏదో ఇంగ్లీషు మాట చెప్పి ఊరుకుంటారు. మనకు తెలియని చదువులే అని తండ్రి కూడా విడిచిపెడతాడు. నిజానికి ఆ చదువులోని తొలి పాఠాలు మన పొలములోనూ, మన బైబిలులోనూ ఉన్నవే.

నిర్గమకాండము 18వ అధ్యాయము తీసి చూడండి. మోషే ప్రొద్దుటినుండి సాయంకాలము దాకా ఒక్కడే కూర్చుండి ప్రజల తగవులు తీర్చడము మామయైన యిత్రో చూచాడు. ఇలాగైతే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించాడు. వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధికారులను ఏర్పరచి, పెద్ద తగవులు మాత్రమే తన దగ్గరకు తెప్పించుకొమ్మన్నాడు. పని పంచడము, అధికారము అప్పగించడము అని తరగతిలో చెప్పేది ఇదే. అయితే యిత్రో లెక్కలకంటె ముందు మనుష్యుల గుణము చెప్పాడు. వారికి దైవభక్తి ఉండాలి, లంచమంటే అసహ్యముండాలి. ఆ మాటకు నేటి తరగతులలో చోటు తక్కువేనని మా అభిప్రాయము.

ఇక పిల్లల పుస్తకాలలో తప్పక కనబడే పేరు హెన్రీ ఫాయోల్. ఈయన ఫ్రాన్సు దేశపు గనుల ఇంజనీరు. దివాలా అంచున ఉన్న కంపెనీ బాధ్యతను 1888లో చేపట్టి నిలబెట్టాడు. 1916లో ప్రచురించిన గ్రంథములో నిర్వాహకుని పనిని ఐదు భాగాలు చేశాడు: ముందుగా ఆలోచించడము, ఏర్పాట్లు చేయడము, ఆజ్ఞాపించడము, అందరి పనినీ జతపరచడము, అనుకున్నట్టు జరిగిందో లేదో చూచుకోవడము. 14 సూత్రాలు కూడా చెప్పాడు. వాటిలో ఒకటి, పనివానికి ఆజ్ఞ ఒక్కరి దగ్గరనుండే రావాలని. నాట్ల రోజున తండ్రి ఒక మడి, కొడుకు ఇంకొక మడి చూపిస్తే కూలీలు గట్టుమీద నిలబడిపోరా?

ముందుగా ఆలోచించడమంటే లెక్క వేయడమే. గోపురము కట్టదలచినవాడు ముందు ఖర్చు చూచుకుంటాడని ప్రభువు కూడా చెప్పాడు గదా. ఒక యువకుడు టిఫిన్ కొట్టు పెట్టాలనుకున్నాడనుకుందాము. అద్దె నెలకు 6,000 రూపాయలు. ప్లేటు 40కి అమ్మితే పప్పు, నూనె, గ్యాసుకు 25 పోయి 15 మిగులుతుంది. నెలకు 400 ప్లేట్లు అమ్మితే అద్దె వస్తుంది, అంతే. తన కష్టానికి 9,000 కావాలంటే 1,000 ప్లేట్లు అమ్మాలి. నెలలో 26 రోజులు తెరిస్తే రోజుకు 39 ప్లేట్లు. ఆ వీధిలో ప్రొద్దున అంతమంది తింటారా? ఇది అప్పు తేకముందు అడగవలసిన ప్రశ్న. మనవారు చాలామంది తమ రెక్కల కష్టాన్ని ఖర్చులో వ్రాయరు. గల్లాపెట్టెలోనుండి ఇంటికి తీసిన పప్పు, పంచదార కూడా వ్రాయరు. అందుకే అమ్మకము బాగున్న కొట్టు కూడా ఒకనాడు మూతపడుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. చదువు పాడవుతుందని ఇంటి అప్పులు పిల్లలకు చెప్పరు. ఫీజు కోసము నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి నోటు వ్రాసి ఉంటారు. అంటే సంవత్సరానికి 24. లక్షకు 24,000. కొడుకేమో హాస్టలులో కూర్చుండి ఎవరిదో కంపెనీ ఆదాయ వ్యయాలు చదువుతుంటాడు, తన ఇంటి వడ్డీ రేటు తెలియకుండానే! ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఆ నోటు సంగతి, సొసైటీ పాసుపుస్తకము, ఎరువుల కొట్టు చీటీలు వాని ముందు పెట్టండి. కూతురైనా సరే. ఒక నోటుపుస్తకములో రాబడి ఒకవైపు, ఖర్చు ఒకవైపు వాళ్లచేతనే వ్రాయించండి. ఇంట్లోవారి కూలి, సొంత గడ్డి వెల కూడా ఖర్చు వైపున వేయించండి.

పాడిగేదె లెక్క ఎలా వేయాలో వచ్చే నెల చూద్దాము.