ఆ ఆయాసం వయసుది కాదు!

అరవై దాటిన పెద్దాయన. మొన్నటిదాకా ఆగకుండా ఎక్కిన మెట్లే ఇప్పుడు మధ్యలో ఆగి ఎక్కుతున్నారు. కళ్లె పడని పొడి దగ్గు. 'వయసు మీద పడింది కదా' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. దగ్గు మందు సీసాలు మారుతుంటాయి. ఒక్కోసారి ఆస్తమా అనుకుని పీల్చే మందులు, క్షయ అనుకుని మాత్రలు కూడా మొదలవుతాయి. నెలలు గడిచినా దగ్గు తగ్గదు, ఆయాసం మాత్రం పెరుగుతుంది.

ఇలాంటి వారిలో కొందరికి ఉండేది పల్మనరీ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో గాలిగదుల గోడలు చాలా పల్చగా ఉంటాయి. గాయం మానాక చర్మం మీద మచ్చ మిగిలినట్టే ఈ గోడల్లో పీచులాంటి కణజాలం పేరుకుని గట్టిపడుతుంది. దాంతో ప్రాణవాయువు రక్తంలోకి సరిగా చేరదు. కారణం స్పష్టంగా తెలియని రకాన్ని ఐపీఎఫ్ అంటారు. చికిత్స లేకపోతే, జబ్బు బయటపడ్డాక చాలామంది మూడు నుంచి ఐదేళ్లకు మించి బతకడం కష్టం.

జన్యువులు ఏం చెబుతున్నాయి?

ఊపిరితిత్తుల్లో జిగురు తయారీకి తోడ్పడే 'ఎంయూసీ5బీ' అనే జన్యువు ఉంది. దానికి ముందుండే భాగంలో ఒక్క అక్షరం మారితే ఐపీఎఫ్ ముప్పు బాగా పెరుగుతుందని 2011లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. అయితే ఐరోపా సంతతి వారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ మార్పు ఉంటుంది. వారిలో అత్యధికులకు జబ్బు రానే రాదు. అంటే జన్యువు ఒక్కటే చాలదన్నమాట. వయసు, పొగతాగడం, దుమ్ము వంటివీ తోడవ్వాలి.

రెండోది టెలోమేర్ల కథ. బూటు లేసు చివర ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు క్రోమోజోముల చివర ఉండే రక్షణ తొడుగులివి. కణం విభజన చెందిన కొద్దీ అరుగుతాయి. వీటిని కాపాడే జన్యువుల్లో లోపాలుంటే ఊపిరితిత్తులు మచ్చకట్టే ముప్పు ఉంటుందని 2007లో తేలింది. కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే జుట్టు నెరవడం, కాలేయ జబ్బు, రక్తకణాలు తగ్గడం కూడా కనిపిస్తాయి.

మేలనుకున్న మందే ముంచింది

ఈ సమాచారంతో రోగికి ఒరిగేదేమిటి? ఒక ఉదాహరణ చూడండి. ఐపీఎఫ్‌కు ఒకప్పుడు స్టెరాయిడ్, అజాథయోప్రిన్, ఎన్-అసిటైల్ సిస్టీన్ కలిపి ఇచ్చేవారు. అమెరికాలో దీన్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. మందులు వాడిన 77 మందిలో 8 మంది చనిపోగా, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 78 మందిలో ఒక్కరే చనిపోయారు! ఎందుకిలా? టెలోమేర్లు పొట్టిగా ఉన్నవారికే ఈ మందులతో ఎక్కువ హాని జరుగుతోందని 2019లో వచ్చిన విశ్లేషణ సూచించింది. లోపమున్న జన్యువును సరిచేసే చికిత్స ఇంకా రాలేదు గానీ, ఏ మందు ఎవరికి ఇవ్వకూడదో చెప్పే దారి మాత్రం తెరుచుకుంది.

చికిత్స ఎక్కడిదాకా వచ్చింది?

పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మందులకు అమెరికా 2014లో అనుమతినిచ్చింది. ఇవి మచ్చను చెరపవు, పెరుగుదల వేగాన్ని తగ్గిస్తాయి. పిర్ఫెనిడోన్‌ను ఆహారంతో పాటు వేసుకోవాలి, ఎండ తగలకుండా చూసుకోవాలి. నింటెడానిబ్‌తో విరేచనాలు ఎక్కువ. 2025 అక్టోబరులో నెరాండొమిలాస్ట్ అనే మరో మాత్రకు అక్కడ అనుమతి లభించింది. ఇదీ జబ్బు వేగాన్ని తగ్గించేదే. కృత్రిమ మేధ సాయంతో రూపొందించిన రెంటోసెర్టిబ్‌ను చైనాలో 71 మందిపై పరీక్షించగా ఆశాజనక ఫలితాలొచ్చాయి. పెద్ద పరీక్షల్లో ఇది నెగ్గాల్సి ఉంది.

మన ఇళ్లలో చూసుకోవాల్సింది

ఊపిరితిత్తులు గట్టిపడటమంటే అన్నిసార్లూ ఐపీఎఫ్ కాదు. మన దేశంలో 1,084 మంది రోగుల వివరాలతో 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఐపీఎఫ్ 14 శాతం లోపే. దాదాపు సగం మందికి పడని దుమ్ము, బూజు, పక్షుల రెట్టల వంటివి పీల్చడం వల్ల వచ్చే రకమే ఉంది. చాలామంది ఇళ్లలో ఎయిర్ కూలర్లున్నాయి. ఈ రకంలో కారణాన్ని దూరం చేయడం ముఖ్యం. స్టెరాయిడ్లు మేలు చేయొచ్చు కూడా. కాబట్టి వాడుతున్న మందును సొంతంగా ఆపొద్దు.

పొడి దగ్గు, నడిస్తే ఆయాసం రెండు నెలలు దాటినా తగ్గకపోతే ఊపిరితిత్తుల నిపుణులను కలవాలి. బీపీ పట్టీ విప్పేటప్పుడు వచ్చే చరచర చప్పుడు లాంటిది వీపు కింది భాగంలో స్టెతస్కోపుకు వినిపిస్తుంది. కొందరికి వేళ్ల కొసలు ఉబ్బుతాయి. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌తో జబ్బు రకం చాలావరకూ తెలుస్తుంది. ఒకే కుటుంబంలో ఇద్దరికి ఈ జబ్బుంటే ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఆయాసం వచ్చేదాకా ఆగకుండా సలహా తీసుకోవాలి. పొగ మానాలి.

పడిన మచ్చ పోదు. పడబోయేదాన్ని ఆలస్యం చేయొచ్చు. అందుకే పెద్దాయన మెట్ల మధ్యలో ఆగితే 'వయసు' అని సరిపెట్టుకోవద్దు!