సంగం మడిలో లేజర్ పండుగ జరపండి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ చిన్న కెంపు కడ్డీ నుంచి తొలి లేజర్ కాంతిని రప్పించారు. ఏటా ఆ రోజునే యునెస్కో అంతర్జాతీయ కాంతి దినోత్సవం జరుపుతోంది. ఈసారి దాన్ని సంగంలో, పెన్నా ఆయకట్టు పొలంలో జరపమని నా మనవి. మడి ఎగుడుదిగుడుగా ఉంటే మెరక ఎండుతుంది, పల్లం మునుగుతుంది. మెరక తడపడానికి పెట్టే అదనపు నీరంతా దండగే. లేజర్ లెవెలర్ ఈ చిక్కు తీరుస్తుంది. మూడు కాళ్ల స్టాండుపై గిర్రున తిరిగే కిరణం పొలమంతా ఒకే ఎత్తులో పరుచుకుంటుంది. ట్రాక్టర్ వెనక బకెట్‌కు నిలబెట్టిన గొట్టం మీది రిసీవర్ దాన్ని పట్టుకుంటుంది. డ్రైవర్ చెయ్యి వేయకుండానే బకెట్ లేస్తూ దిగుతూ మెరక చెక్కి పల్లంలో పోస్తుంది. 2022లో కొత్త బ్యారేజీ అందుకున్న ఊరికి నీటి పొదుపును మించిన సైన్సు పాఠం లేదు.

మేలో బడులుండవన్న మాట నిజమే. కానీ ఎడగారు వేయని మళ్లు అప్పుడు ఖాళీగా ఉంటాయి. పిల్లలూ పెద్దలూ కలిసే వస్తారు. యంత్రాల ప్రచారంగా మారుతుందనుకుంటే, పక్కనే లేజర్‌తో చదివే దుకాణపు బార్‌కోడ్ స్కానర్ పెట్టించండి. శుక్లాల ఆపరేషన్ తర్వాత మసకబారిన పొరను లేజర్‌తో ఎలా తెరుస్తారో కంటి డాక్టరు చేత చెప్పించండి. శ్రీహరికోట నుంచి వెళ్లి చంద్రుడిపై దిగిన విక్రమ్ ల్యాండర్ మీది చిన్న అద్దాలు 2023 డిసెంబరులో నాసా నౌక లేజర్‌ను చంద్రుడి నేల నుంచి తిప్పి పంపిన సంగతీ చెప్పాలి. కళ్లకు ప్రమాదమన్న అభ్యంతరం మాత్రం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. లేజర్ లైటు కంట్లోకి కొడితే చూపు దెబ్బతినవచ్చు. ఆ హెచ్చరికకూ ఇదే వేదిక కావాలి. ఒక ట్రాక్టరు, ఒక పొలం, ఒక సాయంత్రం చాలు. వ్యవసాయ, విద్యా శాఖలను ఇప్పుడే ఆదేశించమని ప్రార్థన.