పదో తరగతి దాకా ఆగితే ఆలస్యమే

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల దారి పట్టినా, జయంతిపురం వైపు వెళ్లినా, బూదవాడ వైపు మళ్లినా సిమెంటు కర్మాగారాలే కనిపిస్తాయి. ఉమ్మడి కృష్ణా జిల్లా పడమటి మెట్టలోని సున్నపురాయే వాటికి ఆధారం. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా ఊళ్లలో మాట మాత్రం మారలేదు: ‘ఫ్యాక్టరీ మా ఊళ్లో ఉంది, ఉద్యోగం మా పిల్లలకు లేదు.’ లోడింగు, ప్యాకింగు పనుల్లో మనవాళ్లు దొరుకుతారు. కంట్రోల్ రూములో, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో, మెకానికల్ మెయింటెనెన్సులో మన ఊరి పిల్లలు ఎందరున్నారన్నదే ప్రశ్న.

ఈ బాధకు జవాబుగా 2019లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంది. చర్చంతా ఆ అంకె చుట్టూనే సాగింది. అర్హులైన స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో వారికి శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అదే చట్టం చెప్పిన మాట ఎవరికీ పట్టలేదు. ఇలాంటి హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. కోటాను కోర్టు కొట్టేయవచ్చు, చేతికి వచ్చిన పనిని ఏ కోర్టూ కొట్టేయలేదు. మనం గట్టిగా అడగాల్సింది ఆ శిక్షణనే, అదీ సరైన వయసులో.

ఏది సరైన వయసు? అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నుంచీ ఉంది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కేంద్రం 2024లో తెచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 21–24 ఏళ్ల వారి కోసం మొదలైంది. ఇవన్నీ దారి ఎంచుకున్నాక అక్కరకొచ్చేవి. మన ఇళ్లలో ఆ ఎంపిక అంతకు చాలా ముందే జరిగిపోతుంది. పదో తరగతి పరీక్షలు రాయకముందే విజయవాడ కార్పొరేట్ కళాశాలల ప్రతినిధులు ఇంటికొచ్చి ఎంపీసీ సీటుకు అడ్వాన్సు కట్టించుకుంటారు. ఐటీఐ అన్న మాట మార్కులు తక్కువొచ్చిన ఇంట్లోనే వినపడుతుంది, అదీ నిట్టూర్పుతో. కాబట్టి పనిముట్టు చేతికివ్వాల్సింది తొమ్మిదో తరగతి ముగిసిన వేసవిలో. సెలవుల్లో సహా 6 నుంచి 12 తరగతుల వారికి వృత్తి ఇంటర్న్‌షిప్‌లు ఉండవచ్చని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది.

అయితే పిల్లల్ని కర్మాగారంలోకి పంపకూడదు. ఇందులో రాజీ పనికిరాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకర ప్రక్రియల జాబితాలో సిమెంటును చేర్చింది. పద్దెనిమిదేళ్లు నిండని వారిని అలాంటి పనిలో పెట్టడాన్ని 2016 నాటి బాల కార్మిక చట్ట సవరణ నిషేధించింది. 2024 జులైలో బూదవాడ కర్మాగారంలో జరిగిన ప్రమాదం ఈ కట్టుబాట్లు ఎందుకున్నాయో మనకు గుర్తుచేసింది. కర్మాగారం దగ్గరికి పిల్లలు వెళ్లకూడదు, అక్కడి నిపుణులే పిల్లల దగ్గరికి రావాలి. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కళాశాలల వర్క్‌షాపులు వేసవిలో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, క్వాలిటీ ల్యాబ్ కెమిస్టులు అక్కడికొచ్చి నేర్పాలి.

నాలుగు వారాల శిబిరం చాలు. తొలిరోజే ప్రతి విద్యార్థీ సిమెంటు, ఇసుక కలిపి 70.6 మిల్లీమీటర్ల ఘనాలు పోయాలి. మూడో రోజున, ఏడో రోజున, ఇరవై ఎనిమిదో రోజున ఒక్కొక్కటి యంత్రంలో పెట్టి పగలగొట్టి చూడాలి. బస్తా మీద ‘53 గ్రేడ్’ అని ఎందుకు రాస్తారో, 28 రోజులకు 53 మెగాపాస్కల్స్ బలం అంటే ఏమిటో అప్పుడు తన చేతులతోనే తెలుసుకుంటాడు. మధ్య రోజుల్లో వెర్నియర్‌తో కొలవడం, డ్రాయింగు చదవడం, ఆకురాయితో ఇనుము చదును చేయడం, తక్కువ వోల్టేజీ వైరింగు, కరెంటు ఆపి తాళం వేశాకే యంత్రం ముట్టుకోవాలన్న క్రమశిక్షణ నేర్పాలి. నందిగామలో ఎండలు 45 డిగ్రీలు తాకే కాలమది. తరగతులు ఉదయం పదిన్నరలోపే ముగియాలి.

అభ్యంతరాలు ఉన్నాయి, అవి బరువైనవే. 1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ముఖ్యమంత్రి రాజాజీ బడి వేళలు సగం చేసి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోమన్నారు. కులవృత్తికి కట్టిపడేసే చదువని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడాదే ఆ పథకం పోయింది. ఆ భయం నేటికీ న్యాయమైనదే. పేద పిల్లలకు స్పానరు, ఉన్నవాళ్ల పిల్లలకు పుస్తకం అని పంచితే ఈ శిబిరాలూ అలాగే పోవాలి. అందుకే బడి రోజు ఒక్కటీ తగ్గకూడదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పిల్లలు, ప్రైవేటు బడి పిల్లలు ఒకే బల్ల దగ్గర నేర్చుకోవాలి. సీట్లలో సగం ఆడపిల్లలకు ఉండాలి. 2025 ఆగస్టు నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో వారికి ప్రయాణం ఉచితం గనుక పల్లెల నుంచి రావడానికి ఖర్చు అడ్డు కాదు. మగపిల్లలకు పాసులివ్వాలి. సెలవుల్లో కూలికెళ్లే పిల్లలున్న ఇళ్లకు భృతి ఇవ్వకపోతే, అవసరం ఎక్కువున్న వాళ్లే రాలేరు. అమ్మకానికి వెళ్లే వస్తువేదీ పిల్లల చేత చేయించకూడదు.

‘మా వాడు ఇంజనీరు కావాలి, ఫిట్టరు కాదు’ అనే తల్లిదండ్రులకూ జవాబుంది. ఐటీఐ చదివి, బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. శిబిరం చూశాక ఎంపీసీయే కావాలనుకున్నా నష్టం లేదు. జర్మనీలో బడి పిల్లలు పరిశ్రమల్లో రెండు మూడు వారాలు గడపడం మామూలు సంగతి. వాళ్లందరూ కార్మికులే కావడం లేదు, తెలిసి ఎంచుకుంటున్నారు.

డబ్బు? 2015కు ముందు ఇచ్చిన లీజుల్లో సున్నపురాయి తవ్వేవారు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, వేలంలో పొందినవారు 10 శాతం జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. ఆ నిధి ప్రాధాన్యాల్లో విద్య, నైపుణ్యాభివృద్ధి ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యత ఖర్చుల్లో పిల్లల వృత్తి నైపుణ్యాలకూ చోటుంది. రాయి తవ్వుకున్న ఊరికి రావాల్సిన సొమ్మే ఇది. దానం అడగనక్కర్లేదు.

కలెక్టరు, సమగ్ర శిక్షా అధికారులు, కర్మాగారాల యాజమాన్యాలు, ఐటీఐ ప్రిన్సిపాళ్లు సంక్రాంతి లోపు కూర్చుంటే, జగ్గయ్యపేటలో ఒకటి, నందిగామలో ఒకటి, రెండు శిబిరాలు వచ్చే మే నెలలోనే మొదలుపెట్టవచ్చు. ఎందరు చేరారన్నది ఒక్కటే లెక్క కాదు. మూడేళ్ల తరవాత ఎందరు ఇష్టపడి ట్రేడు ఎంచుకున్నారో, ఎందరు అప్రెంటిస్‌లుగా చేరారో ప్రతి ఏటా ప్రజల ముందు పెట్టాలి. గేటు దగ్గర ధర్నాకు జనాన్ని కూడగట్టే నాయకులు ఈ లెక్కనూ అంతే పట్టుదలగా అడిగిన రోజున స్థానికులకు ఉద్యోగాలన్న మాటకు బలం చేకూరుతుంది.