ఏరా అన్నవాడిని తిరిగి ఏరా అనగలమా?

జిల్లా ఎడిషన్ తిరగేస్తే ఈమధ్య రోజూ కనపడే వార్త ఒకటుంది. పాతికేళ్ల తర్వాత ఒకే వేదికపై కలిశారు. గత స్మృతులను నెమరువేసుకున్నారు. ఒకరి యోగక్షేమాలు ఒకరు అడిగి తెలుసుకున్నారు. చదువు చెప్పిన గురువులను శాలువాలతో ఘనంగా సత్కరించారు. సాయంత్రం వరకు ఆటపాటలతో సందడి చేశారు. ఊరి పేరూ బ్యాచ్ సంవత్సరమూ మార్చుకుంటే చాలు, మిగతాదంతా మక్కీకి మక్కీ. తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఇలాంటి వార్తల్లో వాడే క్రియాపదాలు ఏరి చూడటం నాకో పిచ్చి. కలిశారు, నెమరువేసుకున్నారు, సత్కరించారు, పాల్గొన్నారు. "రాలేదు" అనే క్రియ మాత్రం నాకు ఒక్క వార్తలోనూ దొరకలేదు.

ఎవరు రాలేదు? ఎందుకు రాలేదు? వార్త రాసిన విలేకరికి ఆ సంగతి అక్కర్లేదు. ఫ్లెక్సీ కట్టినవాళ్లకి అంతకన్నా అక్కర్లేదు.

మా డిగ్రీ కాలేజీలో పూర్వ విద్యార్థుల సంఘానికి నేను కన్వీనర్ని. ఇష్టపడి అడిగి తీసుకున్న పనేం కాదు. న్యాక్ ప్రమాణాల్లో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం అని ఒక అంశం ఉంది. దాని కోసం సంఘం ఉండాలి, మీటింగులు జరగాలి, ఫొటోలుండాలి, విరాళాల లెక్క ఉండాలి. మా కాలేజీలో ఇలాంటివన్నీ తిరిగి తిరిగి తెలుగు డిపార్ట్‌మెంట్ బల్ల మీదకే వస్తాయి. స్వాగత వచనాలు మేమే బాగా రాస్తామని నమ్మకం. అందుకని నాలుగేళ్లుగా ఎన్ని బ్యాచ్‌ల సమ్మేళనాలకు వేదిక మీద కూర్చున్నానో లెక్కలేదు. మగవాళ్లంతా ఒకే రంగు చొక్కాలు, ఆడవాళ్లంతా ఒకే రంగు చీరలు, పైన డ్రోన్, మనిషికి రెండు వేలో మూడు వేలో చందా. ఆ చందా దగ్గరే కొంతమంది ఆగిపోతారు. రోజు కూలీకి పోయే మనిషికి ఒక్కరోజు సంతోషం కోసం మూడు వేలంటే వారం కష్టం. పైగా చొక్కా రంగు కలవకపోతే ఫొటోలో తేడాగా కనపడతాడు.

అయితే చందా చిన్న సంగతే. అసలు సంగతి జాబితాలో ఉంది.

హాలు అడగడానికి వచ్చినవాళ్లు తమ వాట్సాప్ గ్రూపు సభ్యుల జాబితా తెస్తారు. నేను స్టోర్ రూములోంచి ఆ ఏడాది అడ్మిషన్ రిజిస్టర్ తీయిస్తాను. చెదలు తినగా మిగిలిన ఆ పేజీల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, పుట్టుమచ్చలతో సహా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టుకుంటూ పోతే గ్రూపులో లేని పేర్లు బయటపడతాయి. అవన్నీ మావాళ్ల పేర్లే అని చెప్పను. చేతివృత్తుల కులాల పిల్లలుంటారు, ముస్లిం పిల్లలుంటారు, పెళ్లయ్యాక ఇంటిపేరూ ఊరూ మారిపోయిన ఆడవాళ్లుంటారు. కానీ చిరునామా దగ్గర హరిజనవాడ అనో సాంఘిక సంక్షేమ హాస్టల్ అనో రాసి ఉన్న పేర్ల పక్కన టిక్కు పడటం మాత్రం అరుదు.

"వాళ్ల నంబర్లు దొరకలేదు మేడమ్" అంటారు. డల్లాస్‌లో ఉన్నవాడి నంబరు దొరికింది. మెల్‌బోర్న్‌లో ఉన్నవాడిదీ దొరికింది. కాలేజీకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో వాడలో ఉన్న మనిషి నంబరు దొరకలేదు. అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను. నిజంగానే దొరకలేదు. పాతికేళ్లలో ఒక పెళ్లికో చావుకో ఆ వీధి దాకా వెళ్లి ఉంటే నంబరు ఎవరినడగాలో తెలిసేది. నేనైతే ఆ ఊరి పాస్టర్‌కి ఫోన్ చేస్తాను. పది నిమిషాల్లో మనిషి లైన్లోకి వస్తాడు, లేదా కువైట్‌లో ఉన్నాడనో హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా ఉన్నాడనో, నాలుగేళ్ల కిందట పోయాడనో కబురు వస్తుంది. ఆ చావు కబురు బ్యాచ్ వాళ్లకి నా ద్వారానే తెలిసిన సందర్భాలున్నాయి. నేను వాళ్ల జూనియర్ని కూడా కాదు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్నది 1985-88 బీఏ. హాస్టల్లో ఉండి చదివాడు. ఊళ్లో ఆయన్ని పదేళ్ల మోతుబరి పిల్లాడు కూడా "ఏరా" అనేవాడు. మా తాతనీ అలాగే పిలిచేవాళ్లు. వీళ్లు తిరిగి "బాబూ" అనాలి, "అయ్యా" అనాలి. కాలేజీలో చేరిన కొత్తలో పక్క బెంచీ కమ్మ కుర్రాడు "ఏరా" అన్నాడట. నాన్న అలవాటుగా "ఏంటండీ" అన్నాడట. ఆ కుర్రాడు పగలబడి నవ్వి "అండీ ఏంట్రా, నువ్వూ ఏరా అను" అన్నాడట. అని చూశాడు. ఏమీ కాలేదు, కొట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. ఆ మూడేళ్లలో నేర్చుకున్న పాఠాల్లో నాన్న ఇప్పటికీ చెప్పేది అదొక్కటే. డిగ్రీ పట్టా కంటే పెద్దది అంటాడు.

తెలుగులో "ఏరా" రెండు రకాలు. స్నేహంలో ఒకటి, కులంలో ఒకటి. అక్షరాలు అవే, స్వరం కూడా ఒక్కోసారి అదే. తేడా పట్టుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే, అవతలివాడు తిరిగి అనగలడా లేదా. వ్యాకరణ పుస్తకాల్లో సంబోధన ప్రథమా విభక్తి గురించి పిల్లలకు చెబుతుంటాను. ఎవరు ఎవరిని ఎలా సంబోధించవచ్చో ఆ పుస్తకాల్లో ఉండదు. అది ఊరు నేర్పుతుంది.

2018లో నాన్న బ్యాచ్ ముప్పై ఏళ్ల సమ్మేళనం పెట్టుకున్నారు. నాన్న వెళ్లాడు. ఆ కుర్రాడు ఇప్పుడు పెద్ద కాంట్రాక్టర్. చుట్టూ మనుషులు, బయట కారు. నాన్నను చూసి ఆనందంగానే దగ్గరకొచ్చి "ఏరా, ఎట్టా ఉన్నావు" అని భుజం మీద చెయ్యేశాడట. నాన్న నోట్లోంచి వచ్చిన మాట "బాగున్నానండీ". ఇంటికొచ్చి అమ్మతో "నోరు తిరగలేదే" అన్నాడు. పాతికేళ్లకు పైగా బళ్లో పాఠాలు చెప్పిన నోరు అది.

ఆ కాంట్రాక్టర్ చెడ్డవాడని నేను రాయడం లేదు. ఆరోజు ఆయన ఏ అవమానమూ చేయలేదు. కానీ ఇద్దరూ కాలేజీ గేటు దాటాక ఒకరికి పొలం, బావ, మామ, పార్టీ అన్నీ ఎదురొచ్చాయి. ఇంకొకరికి ఊళ్లో పాత పిలుపే ఎదురొచ్చింది. మూడేళ్ల చనువు ముప్పై ఏళ్ల దూరానికి ఎంతకాలం ఆగుతుంది?

వేదిక మీద జ్ఞాపకాలు చెప్పుకునేటప్పుడు ఒక జోకు తప్పకుండా పడుతుంది. "స్కాలర్‌షిప్ వచ్చిన రోజు వీళ్లే మాకు టీలు తాగించేవాళ్లు, అప్పట్లో వీళ్లే ధనవంతులు" అని. హాలంతా నవ్వుతుంది, వాళ్లతోపాటు మావాడూ నవ్వుతాడు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. అది ఎప్పుడు వచ్చేదో, వచ్చేలోపు మెస్ బిల్లు ఎంత పెరిగేదో, వచ్చాక చేతిలో ఎంత మిగిలేదో నవ్వేవాళ్లలో ఎవరికీ తెలియదు. "ఎస్సీ స్కాలర్‌షిప్ వాళ్లు లేవండి" అని గుమాస్తా క్లాసులోకొచ్చి అరిచినప్పుడు లేచి నిలబడ్డ కాళ్లకు ఆ జోకులో నవ్వు ఎక్కడుందో అర్థం కాదు.

ఏ జ్ఞాపకాలు వేదిక ఎక్కుతాయో కూడా చూడండి. నాన్న వాళ్లు డిగ్రీలో చేరిన ఏడాది జూలై 17న కారంచేడు జరిగింది. ఆరుగురిని చంపారు. వాడ మొత్తం ఊరు వదిలి చీరాల శిబిరానికి చేరింది. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. హాస్టల్ పిల్లలు చందాలు పోగేసుకుని చీరాల వెళ్లొచ్చారు. మరుసటి ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వం బీసీ రిజర్వేషన్లను 25 నుంచి 44 శాతానికి పెంచితే అగ్రకుల విద్యార్థులు రోడ్డెక్కారు. ఒకే క్లాసులో కూర్చున్నవాళ్లు రెండు పక్కల నిలబడ్డారు. ఆ పెంపుని హైకోర్టు కొట్టేసింది. ఒక బ్యాచ్ జీవితంలో ఇంతకంటే పెద్ద సంఘటనలుంటాయా? సమ్మేళనంలో మాత్రం ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో ఉప్మా మాడిన కథ ముప్పావు గంట నడిచిందట. ఉప్మా కథ చెప్పుకోవద్దని నేను అనను. అది కూడా జీవితమే. కానీ 1985 అనే అంకె ఫ్లెక్సీ మీద అంత పెద్ద అక్షరాలతో వేసుకుని ఆ ఏడాది ఏం జరిగిందో ఒక్కరికీ గుర్తు రాకపోవడం మామూలు మతిమరుపు కాదు.

క్లాస్‌మేట్ అంటే మన గురించి తెలిసినవాడు. మన ఇంటిపేరు, మన ఊరు, మనం కట్టిన ఫీజు, మన సీటు ఏ కేటగిరీదో తెలిసినవాడు. అది భరోసా అయినా కావచ్చు, కత్తి అయినా కావచ్చు. 2020లో కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం సిస్కో కంపెనీ మీద వేసిన దావా గుర్తుందా? అక్కడ ఫిర్యాదుదారు దళిత ఇంజనీరు. ఆయనా ఆయన పై అధికారీ ఒకే ఐఐటీలో ఒకే కాలంలో చదివారు. ఈయన రిజర్వేషన్లో సీటు తెచ్చుకున్నాడని ఆ అధికారి మిగతా ఉద్యోగులతో చెప్పాడన్నది దావాలోని ప్రధాన ఆరోపణల్లో ఒకటి. కంపెనీ కాదంది. 2023లో ఇద్దరు అధికారుల మీద కేసు ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద దావా మాత్రం కొనసాగింది. చట్టం ఏం తేలుస్తుందన్నది అలా ఉంచండి. సముద్రాలు దాటి, ఎవరికీ మన కులం తెలియని ఆఫీసులో కూర్చున్నా దాన్ని మోసుకొచ్చి పెట్టగలిగేవాడు పాత క్లాస్‌మేటే. అందుకే మావాళ్లలో కొందరు పూర్వ విద్యార్థుల గ్రూపుల నుంచి చప్పుడు చేయకుండా ఎగ్జిట్ అయిపోతారు. దాన్ని పొగరు అని పిలుస్తారు.

బాబాసాహెబ్ 1930లో కొలంబియా పూర్వ విద్యార్థుల పత్రికలో తన జీవితంలో దొరికిన మంచి మిత్రులు అక్కడి క్లాస్‌మేట్లలో కొందరూ అక్కడి గురువులూ అని చెప్పుకున్నాడు. సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడు ఆ మాట అన్నాడంటే ఆలోచించాలి. న్యూయార్క్‌లో ఆయన గదిలో ఉన్న నావల్ భథేనా అనే పార్సీ యువకుడు తర్వాత జీవితమంతా స్నేహితుడిగానే ఉన్నాడు, డబ్బు అవసరమైనప్పుడు ఆదుకున్నాడు. అంటే క్లాస్‌మేట్ల స్నేహం అబద్ధమేమీ కాదు. అది నిలవాలంటే పక్కన కూర్చుని తినాలి, అప్పివ్వాలి, ఇంటికి రావాలి.

"మీరు ప్రతిదాంట్లో కులం వెతుకుతారు మేడమ్, అందరం కలిసి ఒక్కరోజు నవ్వుకుంటుంటే మీకెందుకు" అని ఒక బ్యాచ్ నాయకుడు అడిగాడు. ఆయన గ్రూపులో పుట్టినరోజులూ గుడ్ మార్నింగులూ ప్లాట్ల ప్రకటనలూ నడుస్తాయి. ఆ గ్రూపు పక్కనే అదే బ్యాచ్‌లోని ఒక కులం వాళ్ల గ్రూపు ఇంకొకటి ఉంది. ఉద్యోగాల కబుర్లు, సంబంధాలు, ఏ ఆసుపత్రిలో ఎవరిని కలవాలి అన్నవి అందులో నడుస్తాయి. ఆ గ్రూపు నేను పెట్టింది కాదు. కులం వెతికింది ఎవరో ఆయన్నే చెప్పమన్నాను. నవ్వి టీ తాగి వెళ్లాడు.

నాన్న హాస్టల్ మిత్రుడొకాయన కిందటేడు చనిపోయాడు. బ్యాచ్ గ్రూపు నిండా దండాలు, పూలు. అంత్యక్రియలకు వచ్చింది హాస్టల్ వాళ్లే. ఆయన కూతురి నర్సింగ్ ఫీజుకు వాళ్లే తలా కొంత ఫోన్‌పేలో వేశారు. ఆ కాంట్రాక్టర్ కూడా పదివేలు పంపాడు. "గ్రూపులో పెట్టొద్దురా" అని నాన్నకు చెప్పాడట. ఎందుకు పెట్టొద్దన్నాడో నాన్నకు ఒక అర్థం తోచింది, నాకు వేరే అర్థం తోచింది. ఇద్దరం వాదించుకున్నాం, తేలలేదు.

సమ్మేళనాలకు వెళ్లొద్దని నేను మనవాళ్లకు చెప్పను. వెళ్లండి. మైకిస్తే 1985 గురించి, 1990 గురించి చెప్పండి. స్కాలర్‌షిప్ జోకు పడితే నవ్వకండి, అంతే. వెళ్లాలనిపించకపోతే మానేయండి, దానికి సంజాయిషీ అక్కర్లేదు. పెట్టేవాళ్లకు నేను చెప్పేది వేరే. మీ బ్యాచ్ గుర్తుగా సరస్వతి విగ్రహం ఇస్తామంటున్నారు. మా ప్రాంగణంలో ఇప్పటికే రెండున్నాయి. రోడ్డు అవతల ఎస్సీ బాలికల హాస్టల్లో మూడు బాత్రూములకు తలుపుల్లేవు. మీతో చదివిన ఆడపిల్లలు ఉన్న హాస్టలే అది. ఈ మాట చెప్పాక ఒక బ్యాచ్ తలుపులు పెట్టించింది. శిలాఫలకం అడిగారు, బాత్రూముకు శిలాఫలకం ఎలా పెడతామని వార్డెన్ నవ్వింది. ఇంకో బ్యాచ్ విగ్రహమే ఇచ్చింది. మూడోది.

వచ్చే నెల రెండో ఆదివారానికి ఇంకొక బ్యాచ్ హాలు అడిగింది. రిజిస్టర్ తీసి చూస్తే వాళ్ల జాబితాలో లేని పేర్లలో పదకొండు మంది అమ్మాయిలు తేలారు. ఇప్పటికి ఐదుగురు దొరికారు. అందులో ఒకామె అంగన్‌వాడీలో చేస్తోంది. "నేను రాలేనులే మేడమ్, ఆరోజు సెలవు లేదు" అంది. ఆరోజు ఆదివారం అని నేను చెప్పలేదు. "నా పేరు మాత్రం జాబితాలో రాయించండి" అంది. రాయించాను.